జరగని చిల్లు

సార్చాకు చదువుకున్నవాళ్లంటే చులకన. కనెమరా తీరానికి సర్కారు పంపిన ఇన్‌స్పెక్టరు ఫియాక్రా అంటే మరీ చులకన. సముద్రపు బండల మీద పొడుగ్గా పెరిగే పసుపు నాచు ఏటా ఎంత పెరుగుతుందో కొలిచి, కోత సాగాలో ఆగాలో తేల్చడం అతని పని.

ఏప్రిల్లో అతను ముప్పై మొక్కలు ఎంచుకుని, బండకు బెత్తెడు పైన ఒక్కోదానికి ఒక చిల్లు పొడిచాడు. ఏడాదిలో చిల్లు ఎంత పైకి జరిగితే నాచు అంత పెరిగినట్టట. లోతు నీళ్లలోని వెడల్పాకు నాచుకైతే ఆ పద్ధతి సరే, అది ఆకు మొదట్లో పెరుగుతుంది. పసుపు నాచు ప్రాణమంతా చివళ్లలోనే. అక్కడే సాగుతుంది, అక్కడే చీలుతుంది, ఏడాదికో గాలిబుడ్డ వేస్తుంది. కింది భాగం ఉన్నచోటే ఉంటుంది. తాత నాటి నుంచి తమవాళ్లకు దక్కిన ఆ బండల మీదే నలభై ఏళ్లుగా నాచు కోసి అమ్ముకుని బతుకుతున్న సార్చాకు ఇదొక వింత కాదు.

"చిల్లు ఎప్పుడు నడుస్తుందా అని కాపలా కాస్తున్నాడర్రా, మహానుభావుడు!" అని దుకాణంలో అందరినీ నవ్వించింది.

ఒకనాడు ఫియాక్రాయే అడిగాడు. "ఏమ్మా, నేను కొలిచేది సరిగ్గానే ఉందంటారా?"

"బాగా చదువుకున్నోరు, మీకు తెలీంది నాకేం తెలుస్తది బాబూ!" అంది సార్చా, లోపల పగలబడి నవ్వుకుంటూ.

మరుసటి ఏప్రిల్లో సర్కారు కాగితం వచ్చింది. పెరుగుదల సున్నా. మూడేళ్లు కోత బంద్.

సార్చా పరుగున ఒడ్డుకు పోయింది. "ఓరి తెలివితక్కువ దద్దమ్మా! కింద చూస్తే ఏం కనపడుద్దయ్యా? చివర చూడు! పోయినేడు నువ్వొచ్చినప్పుడు ఈ బుడ్డ ఉందా?"

అతను వంగి ఒక మొక్క, రెండో మొక్క, పదో మొక్క చూశాడు. మొహం పాలిపోయింది. తలెత్తాడు.

"ఏడాదంతా నా ఎదురుగానే ఉన్నారు. నేను అడిగాను కూడా. ఎందుకు చెప్పలేదమ్మా?"

సార్చా పట్టుకున్న నాచు చివరను వదిలేసింది.

"చివళ్లకు గుర్తులు కట్టి మళ్లీ కొలుస్తాను. ఆ కొలత చేతికొచ్చేదాకా ఈ కాగితం రద్దు కాదు. ఏడాది పడుతుంది. అప్పటిదాకా కోత లేదు," అన్నాడు. "ఈసారి తప్పు చేస్తుంటే చెప్తారా?"

"చెప్తానయ్యా," అంది.

చదువుకున్నవాడితో ఆమె ఎగతాళి లేకుండా ఆడిన మొదటి మాట అది. ఏడాది తిండి పోగొట్టుకున్నాక గానీ ఆ మాట నోట రాలేదు.