పిడికెడు గింజల సందు

పెనుకొండలో కొండ వారనుండే వీధికి తెల్లారేది కుళ్ళాయమ్మ ఇంట్లోని ఇసుర్రాయితోనే. ఆ రాయి వాళ్లమ్మ చౌడమ్మది. చౌడమ్మ పోయి ఆరేండ్లయింది. పోయిన మూడో దినం నుంచి ఆ రాయి, ఎవరూ తిప్పకుండానే, పొద్దున్నే తనంతట తాను మోగేది. చౌడమ్మ రాగులు విసురుతా పాడేటప్పుడు పాట కింద ఎట్లా మోగేదో అట్లే, లోతుగా, నేలలో నుంచి వచ్చినట్లు. ఆ మోత విని పాలు పితికేవాళ్లు లేస్తారు, ధర్మవరం రైలుకు పోయేవాళ్లు లేస్తారు. "రాయి మోగిందా?" అని ఒకరినొకరు అడుక్కుంటారు గానీ ఎందుకు మోగిందని ఎవరూ అడగరు.

కుళ్ళాయమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. నలభై ఆరేండ్ల మనిషి, నోట్లో మాట ఉండదు. ఎవరేమన్నా కొంగు చివర వేలికి చుట్టుకుంటుంది, అంతే. అమ్మ పాట మాత్రం వస్తుంది, అదీ రాయి ముందు కూర్చుంటేనే.

పోయిన ఎండాకాలం హిందూపురం నుంచి బాలాజి వచ్చినాడు. పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడుపుతాడు. "పాత పాటలు పోతాండాయక్కా, మనమే కాపాడుకోవాల" అని రాయి పక్కన ఫోను పెట్టి, ఆమె పాడుతుంటే పాటంతా పట్టుకున్నాడు. చెనక్కాయల ఊరిబిండి నంజుకొని సంగటి తిన్నాడు. రెండో ముద్ద అడిగి మరీ పెట్టించుకున్నాడు.

మూడు నెలలకు ఆ పాట అందరి ఫోన్లలోకీ వచ్చింది. బాలాజి నల్లద్దాలు పెట్టుకొని పాడుతున్నాడు, వెనక నలుగురు ఆడపిల్లలు ఎగురుతున్నారు. కింద రాసుండేది: రచన, సంగీతం, గానం, బాలాజి.

మరుసటి పొద్దున రాయి మోగలేదు.

వీధి వీధంతా పడుకొనే ఉండిపోయింది. పాలు ఆలస్యమయ్యె, రైలు పోయె. "నీ రాయికేమైంది కుళ్ళాయీ?" అని అందరూ ఆమె మీదికే వచ్చినారు. పక్కింటి మంజులత అంగన్‌వాడీ టీచరు, నోరున్న మనిషి. ఆమెకు కోపం వచ్చి, కుళ్ళాయమ్మ చేత పాట పాడించి, తన ఫోనులో తీసి, అందరూ చూసేటట్లు పెట్టేసింది. తెల్లారేసరికి ఫోనులో నోటీసు: ఈ పాట వేరేవాళ్లది, మీరు వాడకూడదు.

"చూడక్కా, కాపీరైట్ పడిందంట!" అని మంజులత ఎగిరిపడింది. "మీయమ్మ పాట నువ్వు పాడితే దొంగతనమంట! వానికి సిగ్గు లేకపోతే పోయె, ఈ ఫోనుకన్నా ఉండొద్దా?"

"పోనీలే మంజులా."

"ఏం పోనీ? వాడు తిన్న సంగటన్నా అడుగుదాం పా."

కుళ్ళాయమ్మ బాలాజి పాటను మళ్లీ పెట్టమని చేయి చూపింది. కళ్లు మూసుకొని వినింది. పాట కింద ఏమీ లేదు. రాయి మోతను ఆ ఫోను పట్టలేకపోయింది. పునాది లేని గోడ మాదిరి ఉంది పాట. ఇంకొకటి కూడా వినింది. చౌడమ్మ నాలుగు చుట్లకొకసారి పాట ఆపేది. కుడిచేయి తిప్పుతుండగానే ఎడమచేత్తో పిడికెడు రాగులు రాయి నోట్లో పోయాల కదా, అంతసేపు ఆపేది. ఆ సందులో రాయి ఒక్కటే మోగేది. బాలాజికి ఆ సందు ఖాళీగా కనిపించింది. దాంట్లో టింగు టింగుమని కీబోర్డు కూరినాడు.

పాటను ఎత్తుకపోయినప్పుడు పోనీలే అనుకున్న మనిషికి ఆ టింగు టింగు విని ఒళ్లు మండింది. అమ్మ చేయి పట్టుకొని గింజలు పోయనీకుండా ఆపినట్లనిపించింది.

అదే వారం తెలిసింది, ధర్మవరంలో చీరల వ్యాపారులు కొందరు జానపద పాటల పోటీ పెడుతున్నారని. గెలిచిన పాటను కట్టినవాళ్ల పేరుతో పుస్తకంలో అచ్చు వేస్తారంట. బాలాజి అప్పటికే ఈ పాటే ఇచ్చి ఉన్నాడు.

"అచ్చులో వాని పేరు పడితే ఇంక మాయమ్మ ఆ పాట పాడనట్లే" అనింది కుళ్ళాయమ్మ. "నా పేరు కూడా రాయించు మంజులా. రాయి అలిగి ఉండాది, కింద మోత లేకుండా నేను పాడలేను. ఆ మోత వచ్చే వాద్యం ఏదన్నా కొనాల."

అన్ని మాటలు ఆమె నోట ఒక్కసారి విని మంజులత నోరు తెరిచింది.

ఏది సరిపోతుందో చెప్పాల్సింది రాయే కాబట్టి, పైరాయిని గోనెసంచిలో వేసి ఇద్దరూ చెరొక కొస పట్టుకొని హిందూపురం బస్సెక్కినారు. కండక్టరు సంచిని కాలితో తట్టినాడు.

"ఏమ్మా, ఆడోళ్లకు ఫ్రీ గానీ రాళ్లకు కాదు. లగేజీ టికెట్టు తీసుకోండి."

"అది రాయి అని ఎవరు చెప్పినారప్పా నీకు?" అనింది మంజులత. "వాళ్లమ్మ. ఆమె ఆడమనిషి కాదా?"

కండక్టరు వంగి సంచికి చెవి పెట్టినాడు. లోపల ఎవరో అలిగి ఊపిరి బిగబట్టినట్లుంది. లేచి, ఆడోళ్లకిచ్చే జీరో టికెట్టు ఇంకొకటి కొట్టి, "కిటికీ పక్క పెట్టండి, గాలొస్తుంది" అని ముందుకు పోయినాడు.

హిందూపురంలో దస్తగిరి అంగడి. హార్మోనియాలు బాగుచేస్తాడు, పాతవీ కొత్తవీ అమ్ముతాడు. చెప్పులంగట్లో పిల్లోని కాలు చూసినట్లు రాయిని బల్ల మీద పెట్టించుకొని చుట్టూ చూసినాడు. మొదట లోతు మోత వచ్చే పెద్ద బేస్ గిటారు ఇచ్చినాడు. అది కుళ్ళాయమ్మ నడుమును కిందికి లాగింది, వేళ్లు తీగల చివరిదాకా అందలేదు. రాయి పలకలేదు. తర్వాత పిల్లలు వాయించే బుల్లి గిటారు, ఉకులేలే ఇచ్చినాడు.

"చెవిలో దోమ దూరినట్లుండాది" అనింది మంజులత. రాయి దానికీ పలకలేదు.

మూలన తబలాలు చూస్తున్న ఒకాయన నవ్వినాడు. "ఆడోళ్లకు బేస్ ఎందుకబ్బా? తాళాలు కొట్టుకుంటే సాలదా?"

"ఏమప్పా, మీ ఇంట్లో పిండి నువ్వే విసిరినావా?" అన్నాడు దస్తగిరి తల ఎత్తకుండా. "మీయమ్మ విసురుతాంటే ఆ మోతకు నువ్వు నిద్రపోలేదా? అది బేస్ కాకపోతే ఏంది?"

ఆయన తబలా కింద పెట్టి బయటికి పోయినాడు. దస్తగిరి నిచ్చెనెక్కి పైనుంచి రెండు వాద్యాలు దించినాడు. ఒకటి ఎర్రరంగు, తళతళ మెరుస్తుంది. ఇంకొకటి మామూలు కొయ్యరంగు. రెండింటికీ చాటంత పొట్ట, మూరెడు మెడ, నాలుగే తీగలు. ఒళ్లో పెట్టుకుంటే చంటిబిడ్డ మాదిరి ఇమిడిపోతాయి.

"ఇది బేస్ ఉకులేలే."

"ఉక్కు లేదా?" అనింది మంజులత.

"ఉకులేలే అమ్మా."

"అదే, ఉక్కు లేదులే అంటాండావు కదా!"

దస్తగిరి ఒక నిమిషం ఆలోచించినాడు. "నిజమే. ఎర్రదానికి తీగల మీద లోహం చుట్టి ఉండాది గానీ, ఈ కొయ్యరంగు దాంట్లో ఉక్కు లేనే లేదు. రబ్బరు మాదిరి తీగలు. లావుగా, మెత్తగా ఉంటాయి, వేళ్లు కోసుకోవు. కాకపోతే కొత్తల్లో సాగుతాయమ్మా. ఒక వారం దినామూ బిగించుకోవాల. కొనేటప్పుడు మెడ మీదుండే ప్రతి మెట్టూ నొక్కి, మీటి చూసుకోవాల, యాడన్నా జరజరమంటే వదిలేయాల."

కుళ్ళాయమ్మ ఒక్కొక్క మెట్టూ నొక్కి చూసింది. ఎర్రదానికి రాయి ఊరికే ఉండింది. కొయ్యరంగు దాని లావు తీగను బొటనవేలితో తాకింది. బల్ల మీద రాయి "ఊఁ" అనింది. దస్తగిరి టీ గ్లాసులో టీ వణికింది.

"శ్రుతి ఇంకొక్క వెంట్రుకవాసి దించుదాం" అని ఆయన మర తిప్పినాడు. ఈసారి రాయి గొంతు పూర్తిగా తెరుచుకుంది. "మామూలుగా దీనికి కరెంటు డబ్బా తగిలించకపోతే పక్కనోళ్లకు కూడా వినపడదమ్మా. మీకు డబ్బా ఎందుకు, రాయి ఉండాది కదా."

గొర్రెలు అమ్మిన దుడ్లు ఇచ్చి కుళ్ళాయమ్మ దాన్ని చంకనేసుకుంది.

ఇరవై దినాలు నేర్చుకుంది. తీగలు వేలికి అతుక్కునేవి, రాగిపిండి అద్దుకుంటే జారడం మొదలుపెట్టినాయి. వాయించడం కంటే ఆపడమే కష్టమైంది. నాలుగో చుట్టు అయిపోయినా బొటనవేలు పరిగెత్తేది, వెంటనే రాయి నోరు మూసుకునేది. "ఆగాల, గింజలు పోసేంతసేపు ఆగాల" అని తనకు తానే చెప్పుకునేది. ఆగడం వచ్చిన దినం పాట కూడా వచ్చింది.

ధర్మవరంలో కళ్యాణమండపం నిండా జనం. తీర్పు చెప్పేవాళ్లు ముగ్గురు, ఇద్దరు మగవాళ్లు, ఒకామె వెంకటసుబ్బమ్మ, అరవై ఏండ్లు మగ్గం మీద కూర్చున్న ముసలామె. కుళ్ళాయమ్మ పేరు పిలిచి, పోటీ నడిపేటాయన కాగితాలు తిప్పినాడు.

"ఈ పాట బాలాజి గారిది కదమ్మా. వీడియో ఉండాది, లక్షల మంది చూసినారు. మీదని ఏం సాక్ష్యం?"

కుళ్ళాయమ్మ చేయి కొంగును వెతుక్కుంది.

తన వంతు కోసం కీబోర్డు ముందు నిలబడి ఉన్న బాలాజి నవ్వినాడు. "ఏమక్కా, మూలన పడుండే పాటను నేను లోకానికి చూపిస్తి. దండం పెట్టాల్సింది పోయి పోటీకి వస్తివా? అదేంది చంకలో, పిల్లోళ్ల గిటారా?"

మండపం నవ్వింది. మంజులత లేవబోతే కుళ్ళాయమ్మ చేయి పట్టి కూర్చోబెట్టింది. వేదిక మీద పైరాయి దించి, దాని ముందు మఠం వేసుకొని, వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఒంట్లో ఉన్న మంటంతా బొటనవేలిలోకి దిగింది.

"ఎర్రనేలల రాగులమ్మా, ఎన్ని సుట్లు తిరుగుతావే,
ఎన్ని సుట్లు తిరిగినా నా కడవ నిండదు, కడుపు నిండదు..."

రాయి అందుకుంది. ఆ మోత కుర్చీల కాళ్లలోంచి జనం మోకాళ్లలోకి ఎక్కింది. నాలుగో చుట్టు అయింది. కుళ్ళాయమ్మ ఆగింది. రాయి ఒక్కటే మోగుతోంది. అప్పుడు మండపంలో ఉన్న ముసలాళ్లందరి ఎడమచేతులూ ఒళ్లో నుంచి లేచి, పిడికిలి విప్పి, గాలిలో గింజలు పోసి దిగినాయి. వెంకటసుబ్బమ్మ చేయి కూడా. ఎవరూ ఎవరినీ చూడలేదు. అది వాళ్లకు వచ్చిన పనే.

బాలాజి ఎడమచేయి కూడా లేచింది. వాడు తన చేతిని తానే చూసుకున్నాడు.

వాని వంతు వచ్చింది. అద్దాలు పెట్టుకొని పాట ఎత్తుకున్నాడు. నాలుగో చుట్టుకు టింగు టింగుమనాల్సిన చేయి కీబోర్డు వదిలిపెట్టి, పైకి లేచి, గింజలు పోసింది. ఎనిమిదో చుట్టుకూ అంతే. కుడిచేత్తో దాన్ని పట్టుకుంటే పాట నిలిచిపోయింది.

"ఏమప్పా బాలాజీ" అనింది వెంకటసుబ్బమ్మ, "ఆ సందులో నీ చెయ్యి ఏం చేస్తాంది?"

"తెలీదవ్వా."

"తెలీనోడివి పాట ఎట్ల కడితివి?"

బాలాజి అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ముసలామె పక్కనున్న ఇద్దరినీ అడగకుండానే కాగితం లాక్కుని, "చౌడమ్మ, పెనుకొండ" అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టింది. అచ్చులో అదే పడింది.

బాలాజి చేయి మాత్రం ఆ దినంతో ఆగలేదు. పెళ్లిళ్లలో సినిమా పాట వాయించినా, బండి నడిపినా, అన్నం తిన్నా, లెక్కగా నాలుగు చుట్లంతసేపటికొకసారి లేచి గాలిలో పోసేది. జనం ఏమీ అనలేదు గానీ వేరే ఆర్కెస్ట్రాను పిలుచుకున్నారు. వీడియోలో పేరు మార్చినాడు, నోటీసు వెనక్కి తీసుకున్నాడు. చేయి వినలేదు. చివరికి ఒక పొద్దున పెనుకొండకు వచ్చి కుళ్ళాయమ్మ వాకిట్లో నిలబడినాడు.

"అక్కా, ఈ చెయ్యికి ఏమైందో చూడక్కా."

గోడ మీదినుంచి మంజులత తొంగి చూసింది. "కాపీరైట్ పడిందేమోబ్బా!"

కుళ్ళాయమ్మ కొంగు చుట్టుకోలేదు. లోపలికి పోయి చాటనిండా రాగులు తెచ్చి రాయి పక్కన పెట్టింది.

"కూర్చో."

వాడు కూర్చున్నాడు. కుడిచేత్తో రాయి కొయ్యపిడి పట్టుకొని తిప్పినాడు. రాయి బరువుకు భుజం కీలు కదిలింది. నాలుగో చుట్టుకు ఎడమచేయి లేచింది. ఈసారి దాంట్లో గింజలు ఉన్నాయి. పోసి, నెమ్మదిగా దిగి, చాట అంచు మీద నిలబడింది. బాలాజి కళ్లలో నీళ్లు తిరిగినాయి. అయిపోయిందనుకొని లేవబోయినాడు.

కుళ్ళాయమ్మ వంగి పిండి రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"బరకగా ఉండాది" అనింది. "ఇసురు. రేపు కూడా రా."