స్కానర్‌లో పట్టని కాగితాలు

"భోజనాల బల్ల మీద ఈ చెత్త ఇంకా ఎన్నాళ్ళు?" అన్నారు మావారు, చెప్పులైనా విప్పకుండా.

చెత్త అంటే నా కంప్యూటర్ ప్రోగ్రామ్. ఒకప్పుడు నేను వరదల లెక్కలు కట్టే ఆఫీసులో పనిచేశాను. ఎగువన ఇంత వాన పడితే దిగువకి ఎప్పటికి ఎంత నీరొస్తుందో ముందుగా చెప్పే లెక్క అది. నేనే రాశాను. అప్పటి కంప్యూటర్ దాన్ని తువ్వాలంత కాగితాల మీద, విడిపోని మడతలుగా అచ్చుకొట్టి ఇచ్చేది. అంచుల్లో వరసగా చిల్లులు, అడ్డంగా ఆకుపచ్చ చారలు. రెండో కానుపుకి ఉద్యోగం మానేసినప్పుడు ఒక ప్రతి ఇంటికి తెచ్చుకున్నాను. ఆఫీసులో ఉన్నవన్నీ ఎప్పుడో పాడైపోయాయట. మాటల వేగానికి మేమంతా టైపుమిషన్ అని పిలిచే నా పాత స్నేహితురాలు ఇప్పుడక్కడ పెద్ద అధికారి. ఫోన్ చేసింది.

"మొన్నటి వరదకి మా కొత్త లెక్క బోల్తా కొట్టిందే. ఊళ్ళోకి నీళ్ళొచ్చాక గానీ తెలీలేదు. నీది ఉంటే కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టు, నీకు పుణ్యముంటుంది."

ఇంట్లో స్కానర్ అద్దం చిన్నది. ఒక్కో కాగితాన్ని ఎడమ సగం, కుడి సగం విడివిడిగా తీసి తెరమీద అతకాలి. వెలిసిపోయిన చోట సున్నా ఏదో, 'ఓ' ఏదో కళ్ళు చికిలించి తేల్చుకోవాలి. మధ్యలో కుక్కర్. మధ్యలో అత్తగారి మాత్రలు. మధ్యలో "నా నీలం చొక్కా ఏదీ?" ఎప్పుడూ ఉండే చోటే ఉంటుంది ఆ చొక్కా. నేను లేచి వెళ్ళి చూపించి వచ్చేలోపు వేలు పెట్టుకున్న వరస తప్పిపోతుంది. ఈ ఇంట్లో నా ఆలోచనకి ఆయుష్షు ఒక పిలుపు నుంచి ఇంకో పిలుపు దాకానే. "పిల్లల చదువు మీద కూడా ఇంత శ్రద్ధ లేదు తల్లీ నీకు," అంటారు అత్తగారు. ఆ పిల్లలకి లెక్కలు చెప్పింది ఎవరో ఆవిడకి తెలుసు. చుట్టాలొస్తే ఆయన, "మా ఆవిడ జిరాక్స్ షాపు తెరిచింది, ఏమైనా ఉంటే ఇచ్చి వెళ్ళండి," అంటారు. అందరూ నవ్వుతారు. కాఫీ అందిస్తూ నేనూ నవ్వుతాను. ఆ నవ్వుని తలుచుకుంటే నా మూతి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

శనివారం కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి కారు కింద ఆకుపచ్చ చారలు కనిపించాయి.

"ఆయిల్ కారుతోంది. నీ కాగితాలకి వెనకవైపు ఖాళీయేగా, పరిచాను," అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

మోకాళ్ళ మీద వంగి లాగాను. నలుపు ఇంకిపోయిన చోట ఒక్క అంకె మిగల్లేదు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే నా చేతులు ఇంజిన్ వాసన వేశాయి. ఎవరూ ఏమీ అనలేదు, పప్పులో ఉప్పు తగ్గిందని తప్ప.

మర్నాడు టైపుమిషన్ స్వయంగా వచ్చింది. ఆయన శుభ్రంగా తలదువ్వుకుని ఎదురు కుర్చీలో కూర్చున్నారు.

"మా ఇద్దరికీ ఇదే పనైపోయిందమ్మా. నేనే దగ్గరుండి చేయిస్తున్నా," అన్నారు.

"సంతోషం అన్నయ్యగారూ. ఈసారైనా ఒప్పుకున్నారు," అందది. "అప్పట్లో దీన్ని మళ్ళీ ఉద్యోగంలోకి పిలవడానికి ఎన్నిసార్లు ఫోన్ చేశాం! తనకి ఇష్టం లేదటమ్మా, ఇల్లే లోకం అంటోంది అన్నారు మీరు."

నా చేతిలో ట్రే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను, మెల్లగా, ఒక్క చుక్క ఒలకకుండా. పిల్లలు బడికి వెళ్ళాక వంటింట్లో నిలబడి, ఆఫీసు వాళ్ళు నన్ను మరిచేపోయారని ఏడ్చుకున్న ఆ పగళ్ళన్నీ గుర్తొచ్చాయి.

"అప్పుడు పిల్లలు చిన్నవాళ్ళు. నీ మంచికే కదే..." అంటూ ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు.

"ఇంటి సంగతులు పైవాళ్ళ ముందు ఎందుకమ్మా," అన్నారావిడ.

నేను ఆయన కళ్ళలోకి చూశాను. కాపురానికి వచ్చిన నాటి నుంచీ నా నోట 'మీరు' తప్ప మరో మాట ఎరగని మనిషి.

"నన్నడక్కుండా ఎందుకు చెప్పావు?" అన్నాను. "నువ్వెవరు చెప్పడానికి?"

అతను మళ్ళీ తల్లి వైపు చూశాడు. నేను స్నేహితురాలి వైపు తిరిగి, రేపు ఆఫీసుకి ఎన్నింటికి రమ్మంటావని అడిగాను.