మరువం

నా వేళ్లు కొట్టిన అక్షరాలను నాకే చూపించకుండా నల్లచుక్కలుగా మార్చి, ఆపైన అవి తప్పని తీర్పు చెప్పే అధికారాన్ని ఒక యంత్రానికి ఎవరిచ్చారు? ఈ ప్రశ్న మా అల్లుణ్ణి అడిగాను. కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చినతన్నీ అడిగాను. ఒకరు నవ్వారు, ఇంకొకరు గడియారం చూసుకున్నారు.

నేను ప్రూఫులు దిద్దే మనిషిని. ఇతరుల పుస్తకాల్లో అచ్చుతప్పులు ఏరడం నా జీవనం. అక్షరాన్ని కళ్లారా చూడకుండా అది తప్పో ఒప్పో ఏనాడూ చెప్పలేదు.

ఆ ఉదయం కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని కంప్యూటర్ తెరిచాను. పాస్‌వర్డ్ అడిగింది. మరువం. కిటికీ గట్టు మీది కుండీలో ఉన్న మొక్క పేరు. మరచిపోము అనే అర్థమూ వస్తుంది. ఆ శ్లేష నచ్చి పెట్టుకున్న మాట, ఇంగ్లీషు అక్షరాల్లో. కొట్టాను. తప్పు అంది. ఒక్కొక్క మీటనూ చూసి నొక్కుతూ మళ్లీ కొట్టాను. తప్పు అంది.

నా అరచేతులు చల్లబడ్డాయి.

మా అక్కయ్యకు ఇలాగే మొదలైంది. ఒకరోజు ఆవిడ తన ఇంటి గుమ్మం ముందు నిలబడి, ఏదో బీరువా తాళంచెవితో వీధి తలుపు తాళాన్ని తిప్పుతూ, తాళాన్ని తిడుతోంది. మేమందరం నవ్వాం. ఆ తరువాత కొంతకాలానికి నన్ను ఎంతో మర్యాదగా అడిగింది: “ఏమండీ, మీరు ఎవరి తాలూకు?” తాను మరచిపోయానని ఆవిడకు ఏనాడూ తెలియలేదు. తన చేతిలో ఉన్నది సరైన తాళంచెవే అన్న నమ్మకం చివరిదాకా చెక్కుచెదరలేదు.

నాకూ అదే నమ్మకం ఉంది. పాస్‌వర్డ్ మరువమే. నన్ను భయపెట్టింది ఆ నమ్మకమే.

“ఏంటమ్మా, పొద్దున్నే ఆ డబ్బాతో తగువు?” అంటూ మా అమ్మాయి వచ్చింది.

“పాస్‌వర్డ్ తీసుకోవడం లేదే.”

“మర్చిపోయావా?”

మెత్తగా అడిగింది. మా అమ్మాయి దేన్నీ మెత్తగా అడగదు.

“మర్చిపోలేదు.”

“పెద్దమ్మ కూడా అప్పట్లో...” అని, మాట మింగేసింది.

అల్లుడు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. “కంగారు పడకండి అత్తయ్యా. నాకు తెలిసినతను ఉన్నాడు. కొత్తదానిలా చేసిస్తాడు.”

“కొత్తదానిలా అంటే?”

“ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదట్నుంచి.”

నా పనికి వచ్చే నష్టం లేదు. దిద్దిన ప్రూఫులు ఎప్పటికప్పుడు అచ్చువారికి పంపేస్తాను. కాని తుడిచేస్తే, నేను మరచిపోయానో లేదో చెప్పగల ఒకే ఒక సాక్షి నోరు మూతపడుతుంది. నేను మరచిపోలేదని ఇక ఎవరికీ, నాకు కూడా, రుజువు చేయలేను.

వంటింట్లోంచి మాటలు వినిపించాయి. గొంతు తగ్గించి మాట్లాడుకుంటే నాకు వినబడదని వాళ్ల భ్రమ.

“ఈ పుస్తకం అయ్యాక ఇంక పనులు ఒప్పుకోవద్దని మీరు చెప్పండి. మీరు చెబితే వింటుంది.”

“మీ అమ్మకి నేను చెప్పడమా? నాకింకా ఆయుష్షు ఉందే.”

“వేళాకోళం కాదండీ. డాక్టర్‌కి చూపించేదాకా వీధి తలుపు తాళంచెవి నా దగ్గరే పెట్టుకుంటా. ఒక్కతే ఎటైనా వెళ్లిపోతే?”

హాల్లోకి వెళ్లి చూశాను. గోడ మీద మేకు ఉంది. తాళంచెవి అప్పటికే లేదు.

మధ్యాహ్నం అల్లుడు చెప్పినతను భుజాన సంచీతో వచ్చాడు. హుషారైన మనిషి.

“బామ్మగారూ, పుట్టినరోజు పెట్టారా? మనవరాలి పేరా? అందరూ అవే పెడతారు.”

“నేను అందరినీ కాను. మీకు బామ్మను కూడా కాను.”

“పోనీలెండి మేడమ్, వయసన్నాక మర్చిపోవడం తప్పు కాదు.”

“నా వయసు నాకు గుర్తుంది. మీరు గుర్తుచేయనక్కర్లేదు.”

మా అమ్మాయి అతని వైపు చూసి, ఏమనుకోకండి అన్నట్టు తల ఊపింది. నేను చూడలేదనుకుంది. అతను ఏదో వైరు గుచ్చి, మీట మీద వేలు పెట్టి, “తుడిచేయమంటారా?” అన్నాడు. అడిగింది నన్ను కాదు. మా అల్లుణ్ణి.

“ఆగండి,” అన్నాను. “ఆ పాస్‌వర్డ్ గడి చివర కన్ను బొమ్మ ఉంది. అదేమిటి?”

“నొక్కితే మీరు కొట్టింది కనబడుతుంది. కాని పక్కవాళ్లు చూసేస్తారు మేడమ్.”

“పక్కనున్నది నా కూతురూ అల్లుడూ. చూడనీయండి.”

అతను వైరు పీకాడు. నేను మరువం అని కొట్టి, కన్ను నొక్కాను.

తెర మీద ఉన్నది మాట కాదు. ‘స’కు ఓత్వం, దాని పక్కనే గుడిదీర్ఘం, ఆ తరువాత ‘హనోస’. అక్కయ్య చివరి రోజుల్లో కాగితాల మీద గీసిన ముక్కలు ఇలాగే ఉండేవి. నా బుర్రలోంచి వచ్చింది ఇదేనా? మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నన్ను అప్పుడే రోగిని చేసింది.

కాని వృత్తి ఊరుకోదు. కళ్లు వాటంతటవే ఆ తప్పును దిద్దడానికి దిగాయి. ఒకే హల్లుకు రెండు అచ్చుల గుర్తులు ఉండవు; మతి పోయినవాళ్లు కూడా అలా పలకలేరు. అసలు నేను నొక్కినవి ఇంగ్లీషు మీటలు. తెర మీదికి తెలుగు ఎక్కడిది?

“నిన్న ఈ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నారు?”

అల్లుడు మెడ రుద్దుకున్నాడు.

“మన అపార్ట్‌మెంట్ లిఫ్టు నోటీసు కోసం అత్తయ్యా... మీరు తెరిచి పెట్టి అటు వెళ్లారు కదా, పనిలోపని టైపు చేసేశాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే మీ పద్ధతి నాకు రాదు. ఆఫీసులో నేర్చుకున్న తెలుగు కీబోర్డు పెట్టుకున్నాను. మళ్లీ మార్చాలి, మర్చిపోయాను.”

మర్చిపోయాను. ఆ మాట ఆయన నోట ఎంత తేలికగా దొర్లిందో! ఎవరూ ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఎవరూ ఆయన తాళంచెవి దాచలేదు. మా అమ్మాయి “మీరు మరీనండీ!” అని నవ్వేసింది.

బాగుచేసేతను తెర మూలలో భాషను చూపే ‘తె’ను ఇంగ్లీషుకు మార్చాడు. మళ్లీ కొట్టాను. ఏడు ఇంగ్లీషు అక్షరాలు, మరువం, ఏ తప్పూ లేకుండా నిలిచాయి. కంప్యూటర్ తెరుచుకుంది.

“అయినా ఒకసారి డాక్టర్‌కి చూపిద్దామమ్మా. పోయేదేముంది?” అంది మా అమ్మాయి.

నేను చెయ్యి చాపాను. “తాళంచెవి.”

కాసేపు ఆలోచించి, కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఆ కాసేపటిని నేను క్షమించలేదు.

ఇప్పుడు ప్రతి ఉదయం ముందు కన్ను నొక్కుతాను, తరువాతే కొడతాను. అక్షరాలు కనబడేదాకా అరచేతులు చల్లగానే ఉంటాయి. వాళ్లు నాలో వదిలిన భయాన్ని ఏ మీటా మార్చదు.

మీ ఇంట్లో ఎవరినైనా మతిమరుపు మనిషి అన్నారా? అయితే ఇక్కడితో చదవడం ఆపి లేవండి. ఆ మనిషి కంప్యూటర్ ముందు చివరిసారి కూర్చున్నది ఎవరో ముందు ఒప్పుకోండి. తరువాత ఆ కన్ను నొక్కి, ఆ మనిషి కొట్టిందేమిటో ఆ మనిషికి చూపించండి.