మాత్రలన్నీ తెమ్మన్నారు

నాన్న స్నానాల గదిలో పడబోయి గోడ పట్టుకోవడం ఆ వారంలో మూడోసారి. ఈ హిందీ ఊళ్లో రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరై రెండేళ్లయింది. మనిషి ఇనుములా ఉండేవాడు.

"చక్కరొస్తందే అమ్మీ, తల తిరిగిపోతంది" అంటూ మంచం మీద కూలబడ్డాడు.

పక్కింటి కనకం పిన్ని తొంగి చూసింది. "మా బావకీ ఇలాగే మొదలైనాది. ఆనక కాలూ చెయ్యీ పడిపోనాయి."

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. నాన్న మందుల పేర్లు చదివి, వేళకు చేతిలో పెట్టేది నేనే.

పోయిన నెల నాన్నను చూసిన ప్రైవేటు డాక్టరు సాయంత్రం గాని క్లినిక్కుకు రారు. అంతవరకూ ఏదైనా బలానికి టానిక్కు పోద్దామని తోర్వా చౌక్‌లో జగన్నాథం గారి మందుల షాపుకు పరిగెత్తాను. ఆయనదీ మాలాగే రైల్వే కుటుంబం, గార్డు కొడుకు.

"టానిక్కు తరవాత. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తే. నాన్ననీ రిక్షాలో ఎక్కించుకు రా" అన్నారు.

తెచ్చాను. రైల్వే ఆసుపత్రిలో విడి మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఆ పొట్లాలూ, వాళ్లు మందులు రాసిచ్చిన పర్చీ చీటీ, ఆ ప్రైవేటు డాక్టరు రాసిన మాత్రల అట్టలూ బల్ల మీద పోశాను. జగన్నాథం గారు నాన్న నాడి పట్టుకుని గడియారం చూశారు.

"నాడి నలభై ఆరే, అరవైకి తగ్గకూడదు. బాబాయ్, రైల్వే మందు వాడతన్నట్టు ఈ డాక్టరుకి చెప్పినావా?"

"చెప్తే తిడతాడని చెప్పనేదు."

ఆయన అట్టను నా ముందుకు జరిపారు. "ఈ పెద్ద పేరు కంపెనీది. కింద చిన్నక్షరాలు చదువమ్మా."

అటెనొలాల్. రైల్వే పర్చీలోనూ అదే.

"రెండూ ఒకటే బీపీ మందు, గుండె వేగం తగ్గిస్తాది. రోజూ రెండింతలు పడతంది."

పేర్లు వేరని రెండూ ఇచ్చింది నేను. "నేనే ఇచ్చానండీ" అన్నాను.

"నువ్వే కాదమ్మా, చాలామంది ఇలాగే ఇస్తారు" అంటూ ఆయన డాక్టరు ఇంటికి ఫోను చేశారు. నాడి ఎంతో, మాత్రలేమిటో చెప్పి, విని, పెట్టేశారు. "ఈ రెండూ ఇంక ముట్టుకోవద్దట. వెంటనే క్లినిక్కుకు తీసుకురమ్మన్నారు, ఆయనా బయల్దేరుతున్నారు."

క్లినిక్కులో ఈసీజీ తీశారు. పక్షవాతం లక్షణాలేవీ లేవన్నారు. రెండు రోజులు మాత్ర ఆపి, ఆ తరవాత ఒక్క రైల్వే మాత్రే వెయ్యమన్నారు. బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను.

"ఏటే ఆ ఏడుపు? బీఎస్సీ చదివించినందుకు ఆ మందు చేత డబల్ డ్యూటీ చేయించినావు. ఓవర్‌టైమైనా ఇప్పించనేదు" అన్నాడు నాన్న.

ఆరోనాటికి తల తిరగడం పూర్తిగా పోయింది. నాన్న తనే నడిచి జగన్నాథం గారి షాపుకు వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లాను. పొట్లాలన్నీ బల్ల మీద పరిచాడు.

"ఇది దేనికి? అన్నానికి ముందా, ఎనకా? ఒక పూట మర్చిపోతే ఆనక రెండేసుకోవాలా?"

"రెండు మాత్రం ఎయ్యకు బాబాయ్!"

వెనక మనుషులు పోగయ్యారు. "దాదా, జల్దీ కరో" అని తొందరపెట్టాడొకడు.

నాన్న తిరిగి చూశాడు. "రుకో భాయ్" అని వాణ్ణి ఆపి, మళ్లీ జగన్నాథం గారి వైపు తిరిగి తీరిగ్గా ఇంకో పొట్లం విప్పాడు.

"అచ్ఛా. మరి ఈ పచ్చదేటి చేస్తాది?"