ఒకటే సీసా

పాలిష్ మిషను మోతలో కూడా కూతురు జీవిత ఏడుపు కృపమణికి వినపడుతూనే ఉంది. ఏడేళ్ల పిల్ల షెడ్డు మూల గోనెపట్ట మీద మోకాలు పట్టుకొని పడుంది. నొప్పికి కర్నూలు ఆసుపత్రిలో ఇచ్చిన సిరప్పు పొద్దున్నే పోసింది. చాల్లేదు.

బేతంచెర్లలోని ఆ బండల ఫ్యాక్టరీకి ప్రతి మంగళవారం ఓబుళేశు సంచి తగిలించుకొని వస్తాడు. వైద్యం చదవలేదు గాని అక్కడందరికీ అతనే డాక్టరు. ఎవరూ పనికి నాగా పెట్టకూడదని యజమాని చేసిన ఏర్పాటు అది. నడుము పట్టేసిన మగవాళ్లకూ, దుమ్ముకు దగ్గే ఆడవాళ్లకూ అతని దగ్గరున్నది ఒకటే సీసా. మూడు నెలల కిందట జీవిత కుంటుతుంటే, బండల మీద పడిందనుకొని కృపమణే అతని ముందు కూర్చోబెట్టింది. “కీళ్లవాతం” అన్నాడు. సూది పడిన మర్నాడే పిల్ల గంతులేసింది. మళ్లీ నొప్పి, మళ్లీ సూది. నాలుగు సూదులు. నొప్పి పోతోందంటే జబ్బు పోతోందనే నమ్మింది ఆ తల్లి.

నిన్న కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ జీవిత పాలిపోయిన కనురెప్పలు తిప్పి చూసింది. కడుపు తడిమింది. రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివింది.

“చూడ్డానికి కీళ్లజబ్బు మాదిరే ఉంది గాని, రక్తం క్యాన్సరేమోనని నా అనుమానమమ్మా. ఆ సూదులు దాన్ని అణిచిపెట్టి కనపడకుండా చేసినట్టున్నాయి. బుధవారం వచ్చి చేరండి, ఎముకలోని మూలుగ తీసి చూడాలి. అంతవరకూ ఆ సూది వద్దు. ఆ మందు పేరు కనుక్కొని రా.”

పేరు కోసమే కృపమణి ఈరోజు పనికొచ్చింది.

ఓబుళేశు సిరంజి తీశాడు. “ఏం కృపమణీ, పిల్ల అంత ఏడుస్తాంటే సూస్తా ఉండావే. పట్టుకో.”

“వద్దు సారూ. ఆ సీసా పేరు రాసియ్యి.”

“పేరు తెలుసుకోని యాడన్నా దవాఖానా పెడతావా?”

మేస్త్రీ తిమ్మయ్య నవ్వాడు. “పెట్టనీలే సారూ, బండలు కడిగే పని తప్పుతాది.”

“నాకు సదువు రాదు. కర్నూలు డాక్టరమ్మకు వచ్చు. రాసియ్యి.”

“ఆ యమ్మకేం తెలుసు? నాలుగుసార్లూ నా సూదికే గదా లేచి ఆడుకునింది?”

“ఆడుకునింది. అందుకే మోసపోతి.”

అతను సీసా మీది కాగితాన్ని బొటనవేలితో మూసి సంచిలో వేయబోయాడు. కృపమణి తడి చేత్తో ఆ మణికట్టు పట్టుకుంది.

“అమ్మా, సూది ఏయించుమా. నేను ఏడ్సనులే.”

సిరంజి చూస్తే షెడ్డంతా పరిగెత్తించిన పిల్ల, ఇప్పుడు తానే గౌను పైకి లాక్కొని పక్కకు తిరిగింది.

కృపమణి అటు చూసింది. పట్టు వదలలేదు.

“పేరు” అంది.