నొప్పి లేని పుండు

సోంబరు చెయ్యి చాపి చూపించినప్పుడు సోఫియాకు భయమేమీ కలగలేదు. మణికట్టు పైన రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ వాచి, మధ్యలో బొగ్గు పూసినట్టు నల్లగా ఉంది.

"నొప్పెడతందా బాబాయ్?"

"నేదు సిస్టరమ్మా. అదే సిత్రం. ముందు దురదెట్టింది, పొక్కు లేసింది, ఆనక నల్లబడిపోనాది. ముల్లెట్టి పొడిసినా తెలవదు."

సోఫియా ముసిరిగుడలో నర్సు. బొర్రా దాటి కొండల్లోకి నడిచిపోతే వచ్చే ఆ ఊరికీ చుట్టుపక్కల గూడేలకూ మందులిచ్చేది ఆమే. కత్తిగాట్లు, జలగ కాట్లు, గజ్జి, కాలిన బొబ్బలు, అన్నీ చూసింది. నొప్పి లేని పుండు మాత్రం ఎప్పుడూ చూడలేదు. కడిగి గుడ్డ కట్టి పంపేసింది.

మర్నాడు సోంబరు మేనల్లుడు ఫల్గుణ వచ్చాడు. అతనికి కుడి కంటి కింద అలాంటిదే. కన్ను సగం మూసుకుపోయింది. అది కూడా నొప్పి లేదట.

అప్పుడామె నీళ్ళ ట్యాంకు దగ్గరికి, సిగ్నల్ అందే చోటికి వెళ్ళి ఫోన్‌లో వెతికింది. పురుగు కాటు అంది ఒకటి. సాలీడు అంది ఇంకొకటి. వాటి మధ్య లేపనాల ప్రకటనలు. అన్నిటికంటే పైన ఒక వీడియో: నల్లటి పుండును బ్లేడుతో కోసి, చెడు రక్తం పిండేసి, పసుపూ సున్నం పెడితే మూడు రోజుల్లో మాయం. లక్షలమంది చూశారు.

ఆమె తమ్ముడు టైటస్ విశాఖలో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాడు. అతనికి ఫోన్ చేసింది.

"అక్కా, సెర్చ్‌లో పైకి తేలేది నిజమని కాదు, ఎక్కువమంది నొక్కారని. డాక్టర్ల పరిశోధన వ్యాసాలు మాత్రమే ఉండే చోటు ఒకటుంది, లింకు పంపుతున్నాను. రోగం పేరు తెలీదు కాబట్టి కంటికి కనబడింది రాయి. నల్ల పుండు, నొప్పి లేదు, కొండ ఊరు. పశువులు కూడా చేర్చు. ఏది దొరికినా, ఎవరు రాశారు, ఏ ఊళ్ళో చూసి రాశారు, పరీక్ష చేసి తేల్చారా లేదా చూడు. అవి లేకపోతే మూసెయ్."

మొదట దొరికినవి ఎక్కడో దూరదేశాలవి. అందులో ఒక వ్యాసం చివర, ఆధారాల కింద, ఒడిశా వైపు కొండ ఊళ్ళ గురించి రాసిన పాత వ్యాసం పేరు ఉంది. దాన్ని పట్టుకుని వెళితే బొమ్మ తెరుచుకుంది. ఒక మనిషి ముంజేయి. సోంబరు చెయ్యే అనుకుంది ఆమె.

పేరు ఆంథ్రాక్స్. మన పశువుల డాక్టర్లు దొమ్మ రోగం అంటారు. చచ్చిన పశువును కోసినవాళ్ళకు చర్మం మీద వస్తుంది. పుండును కొయ్యకూడదు, పిండకూడదు. తొందరగా పట్టుకుంటే మందులకు లొంగుతుంది. మాంసం ఎండబెట్టినా, పొగబెట్టినా ఆ రోగక్రిమి చావదు. నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది. ఇంగ్లీషు కష్టమైన చోట టైటస్‌ను అడిగి మళ్ళీ చదివింది.

ఆ తరువాతి భాగం, మాంసం తిని కడుపులోకి పోయిన వాళ్ళ గురించి. కడుపునొప్పి, జ్వరం, రక్తపు వాంతి.

సోఫియా ఫోన్ పక్కన పెట్టేసింది. కిందటి వారమే ఫల్గుణ నాయనమ్మ అలా పోయింది. ముసలి ప్రాణం, ఏదో పడలేదు అనుకున్నారు. మూడోనాటి దినానికి ఊరంతా భోంచేసింది. సోఫియా కూడా విస్తరి ముందు కూర్చుంది. మాంసం కూర రెండోసారి అడిగి వడ్డించుకుంది.

తిన్నగా సోంబరు ఇంటికి వెళ్ళింది.

"బాబాయ్, ఈ మధ్య మీ పశువేదైనా చచ్చిందా?"

"మా ఎద్దు సచ్చింది కదమ్మా. పొద్దున మేతకెళ్ళింది, గెడ్డ నీళ్ళ కాడ పడిపోనాది. ముక్కులోంచి నల్లగా రత్తం. నేనూ ఫల్గుణా కోసినాం. ఊరందరికీ వాటాలేసినాం. ఏటి, ఎందుకూ?"

అతని భుజం మీదుగా చూస్తే పొయ్యి పైన తాడుకు మాంసం ముక్కలు వేలాడుతున్నాయి. కింద సోంబరు మనవరాలు పొగకు కళ్ళు నులుముకుంటూ కూర్చుంది.

సోఫియా మళ్ళీ ట్యాంకు దగ్గరికి పోయి పీహెచ్‌సీ డాక్టరుకు వ్యాసం పంపి ఫోన్ చేసింది. ఆయన చదివి చెప్పాడు. "పుళ్ళు ఎవరినీ ముట్టుకోనివ్వకండి. జీపు రోడ్డు చివరిదాకా వస్తుంది, మీరు వాళ్ళను కిందికి దింపండి."

ఆమె వచ్చి చెప్పగానే సోంబరు లేచాడు. ఫల్గుణ ఇంటికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కంటి కింద పసుపు, సున్నం. వాటిలోంచి నీరు కారుతోంది.

"కోశావా?"

"వీడియోలో సెప్పినట్టే సేసాను సిస్టరమ్మా. మంచిదే అన్నారు."

"ఎవరన్నారు ఫల్గుణా? ఆయనెవరో నీకు తెలుసా? కొయ్యకూడదని డాక్టర్లు రాశారు, ఇదిగో చూడు."

"అంతమంది సూసినారు కదా. నువ్వు సూపిత్తన్న ఇంగిలీసు కాయితం ఎవులు సూసినారు?"

ఆమె ఫోన్‌లో రాతను పైకి జరిపింది. బొమ్మ తెరిచి అతని ముందు పెట్టింది. తెరిచి ఉన్న కంటితో వంగి చూశాడు. "ఈడు బతికినాడా?" అన్నాడు.

"మందు తీసుకున్నాడు. బతికాడు. బేగి లే."

నడవలేకపోయాడు. డోలీ కట్టి మోశారు. దారిలో వాన. జీపు చేరేసరికి వాపు గొంతు దాకా దిగి, మాట గరగరలాడుతోంది. పరీక్షలో రోగం అదేనని తేలింది. సోంబరు చెయ్యి మందులకు మానింది. ఫల్గుణ విశాఖ పెద్దాసుపత్రిలో ఊపిరాడక పోయాడు. శవాన్ని సంచిలోనే కట్టి ఇచ్చారు, విప్పొద్దన్నారు.

ఊళ్ళో అందరికీ మాత్రలు పంచారు. సోఫియా కూడా వేసుకుంది. పశువుల డాక్టరు వచ్చి లోతైన గొయ్యి తవ్వించి, ఇంటింటి మాంసం తెచ్చి అందులో వెయ్యమన్నాడు. కొందరు బుట్టలతో తెచ్చారు. చాలామంది ఉత్త చేతులతో వచ్చి, తినేశామన్నారు. వానాకాలం మొదలైంది. కొర్రలు చేతికి రావడానికి ఇంకా చాలా రోజులుంది, అంతదాకా దాచుకున్నదే తిండి. తాళ్ళు ఖాళీగానే కనబడ్డాయి. అటక మీదకెక్కి చూసే అధికారం ఆమెకు లేదు.

గొయ్యి పూడ్చి, సున్నం చల్లి, అధికారులు జీపెక్కారు. సోఫియా తుంపరలో ఒంటరిగా వెనక్కి నడిచింది. అన్ని ఇళ్ళ కప్పుల్లోంచీ పొగ లేస్తోంది. తడిగాలికి అది పైకి పోకుండా దారి మీదకే దిగి కలిసిపోతోంది. అందులో ఎక్కడో ఎండుమాంసం కాలుతున్న వాసన. ఆమె ఆగి అటూ ఇటూ చూసింది. ఏ ఇంటి పొగో తెలియలేదు.