గొళ్ళేనికి నీలం టోపీ

తెంగ్‌హోక్ కోల్డ్ స్టోరేజి తలుపు తెరిచి, తల లోపలికి పెట్టి, "ఎవరన్నా ఉన్నారా? ఉంటే పలకండి!" అని కేకేశాడు. ఎవరూ పలకలేదు. తలుపు మూసి, నెత్తిమీది నీలం ఉన్ని టోపీ తీసి గొళ్ళేనికి తగిలించాడు. చెవులు కప్పే రెండు రెక్కలున్న పాత టోపీ. అది అక్కడ వేలాడుతున్నంతసేపూ కీలుంగ్ రేవుకి ఎంత పెద్ద పడవ వచ్చినా ఆ తలుపు ఎవరూ తీయరు.

పక్కనున్న ఇరుకు గదిలోకి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. లోపల చలి తగ్గినా, ఎవరైనా చిక్కుకుని గంట నొక్కినా ఆ కబురు ముందు ఈ తెరకే వస్తుంది. అది అందుకోగానే సైరన్ మోగుతుంది. రోజూ పొద్దున్న గొట్టాలకు పట్టిన మంచు కరిగించేటప్పుడు లోపల ఎలాగూ వెచ్చబడుతుంది. సైరన్ ఊరికే గోల చేస్తుంది. అందుకే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కమాండు కొట్టి, కబుర్లు అందుకునే పనిని నిద్రపుచ్చినట్టు కాసేపు ఆపుతాడు. ఇవాళా ఆపాడు. కబుర్లు ఎక్కడికీ పోవు. మళ్ళీ మొదలుపెట్టేదాకా గుమ్మం బయట వరసలో నిలబడి ఉంటాయి. మనిషి నొక్కిన గంట కూడా ఆ వరసలోనే నిలబడుతుంది. తెంగ్‌హోక్ భయమంతా అదే.

చేపల పెట్టెలు మోసే గియోక్ వచ్చి చేప ఉండల పులుసు గిన్నె బల్లమీద పెట్టింది.

"తాగు బావా, చల్లారిపోద్ది."

"దీన్ని లేపాక తాగుతా."

"అబ్బో! ఆ రోజు మాత్రం నేను లోపలుండగానే దీన్ని నిద్రపుచ్చి టీకి పోయావు. ఇంకాసేపైతే నన్నూ పెట్టెలో సర్ది అమ్మేసేవాళ్ళు."

"నిన్నెవరు కొంటారే, అన్నీ ముళ్ళే."

గియోక్ పకపకా నవ్వింది. ఆ రోజు నుంచే టోపీ గొళ్ళేనికెక్కింది. ఆ రోజు నుంచే అతను టీకి లేవడం మానేశాడు.

నవ్వుతూనే అతని మొహం చూసి ఆగిపోయింది. "ఈ చలిలో చెమటలేంటి?"

"రాత్రి తిన్నది అరగలేదు." ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

"లే, ఆసుపత్రికి పోదాం."

"ఇది నిద్రపోతుంటే నేను మెలకువగా ఉండాలిగా. నువ్వెళ్ళి వ్యాను పిల్చుకురా. ఈలోగా దీన్ని లేపి, టోపీ తీసుకుని వస్తా."

ఆమె పరిగెత్తింది.

మంచు కరగడం అయింది. చలి మళ్ళీ పట్టింది. తెంగ్‌హోక్ కమాండు కొట్టాడు. సైరన్ ఒకసారి కూసి ఆగింది. ఆగి ఉన్న కబుర్లు ఒకదాని వెనక ఒకటి తెరమీదికి వచ్చాయి. ఒక్కోదాని కింద వేలు పెట్టి చదివాడు. వెచ్చబడింది. వెచ్చబడింది. వెచ్చబడింది. మనిషి గంట ఒక్కటీ లేదు. చివరి వరస దాకా చదివి, గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. ఇక టోపీ తీయాలి. బల్ల పట్టుకుని లేవబోయాడు. ఒళ్ళు బరువనిపించి, కాస్త ఆగి లేద్దామని మళ్ళీ కూర్చున్నాడు.

గియోక్ వ్యానుతో వచ్చేసరికి కూలీలు నిండు తోపుడుబళ్ళతో తలుపు ముందు నిలబడి ఉన్నారు. పెట్టెల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"సైరన్ కూసి చాలాసేపైందక్కా. ముసలాయన కునుకు తీస్తున్నట్టున్నాడు."

"మరి తలుపు తీయొచ్చుగా?"

"భలేదానివే! టోపీ ఉందిగా?"

ఆమె గదిలోకి వెళ్ళింది. పులుసుమీద నూనె తెట్టు కట్టింది. తెర మెలకువగా ఉంది. అతని గడ్డం గుండెమీద వాలి ఉంది. "బావా" అని పిలిచింది. భుజం పట్టుకుని మళ్ళీ పిలిచింది.

బయటికి వచ్చిన ఆమె మొహం చూసి కూలీలు ఒక్కొక్కరే చేతి తొడుగులు తీసేశారు. తలుపు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. దాని గొళ్ళేనికి నీలం టోపీ, చెవి రెక్కలు రెండూ కిందికి వేలాడేసుకుని, అలాగే ఉంది.